చెరకు దీవుల తీపి

సంక్రాంతికి ముందునాడు, భోగి దినమున, కోడుమూరులో ఏ వీధిని పోయినను సజ్జరొట్టెపై కాలుచున్న నువ్వుల కమ్మదనము ముక్కునకు తగులును. ఆ వేళకు ఇంటి అవ్వ పొయ్యిమీద బెల్లపుపాకమును పెట్టుకొని కూర్చుండును. ప్రక్కన ఒక గిన్నెలో చన్నీరు ఉండును. కాగుచున్న పాకమును గరిటెతో కొంచెము తీసి ఆ నీటిలో విడుచును. పాకము నీటిలో కరిగిపోయినచో ఇంకను లేతయని గుర్తు. వ్రేళ్ళకు మెత్తని ఉండగా చిక్కినచో అరిసెలకు సరిపోవును. ఆ ఉండను గిన్నె అంచునకు కొట్టగా ఠంగుమని మ్రోగినచో నువ్వుల ఉండలకును, బుడ్డల ఉండలకును తగిన ముదురుపాకము. వేరుశనగలకు కర్నూలు సీమలో బుడ్డలనియే వాడుక. వేయించి పొట్టు తీసిన బుడ్డలను పాకములో పోసి కలియబెట్టి, అరచేతులు తడిచేసికొని, వేడి ఆరకముందే ఉండలు చుట్టవలెను. ఆరినచో పాకము బిగిసి ఉండకు రాదు. అందుచేత ఆ నాలుగు నిమిషములును ఇంటిల్లిపాదియు పొయ్యిచుట్టు చేరవలసినదే.

అవ్వ చేతిలో ఉష్ణమాపకము లేదు. అయినను ఆమె పరీక్ష తప్పదు. నీరు ఆవిరియైన కొలదిని పాకము చిక్కబడును. చిక్కబడిన కొలదిని దాని వేడి నూరు డిగ్రీలను దాటి పైకి పోవును. మెత్తని ఉండకట్టునప్పటికి సుమారు 115 సెంటిగ్రేడు డిగ్రీలుండును. మ్రోగునప్పటికి 140 దాటును. గిన్నెలోని చన్నీరు ఆ అంకెలను చెప్పక చెప్పుచున్నది.

ఈ పనియే, ఇంచుమించు ఇదే తీరున, సముద్రములకు ఆవల టొబాగో అను చిన్న దీవిలో జరుగుచున్నది. ట్రినిడాడు దీవికి ఈశాన్యమున ఈ టొబాగో కలదు. అక్కడివారు నువ్వులను వేయించి, చక్కెరపాకములో కలిపి, వేడివేడిగా చేతులతో ఉండలు చుట్టుదురు. ఆ దీవికి పోయినవారు బంధువులకు కానుకగా వానిని కొనితెత్తురు. వాని పేరు బెన్నె ఉండలు. ఆదోని ప్రాంతమున కన్నడము చెవినిబడి పెరిగినవారికి బెన్నె యనగానే వెన్న తలపునకు వచ్చును గాని, ఈ మాటకు ఆ మాటతో చుట్టరికము లేదు. ఇది పడమటి ఆఫ్రికా భాషలలో నువ్వులకు గల పేరు. తెలుగుకు గాని, ఇంగ్లీషుకు గాని చెందని ఆ మాట టొబాగోకు ఎట్లు చేరెను? ఆ ప్రశ్నకు సమాధానము తెలిసినచో ఆ దీవుల చరిత్ర సగము తెలిసినట్లే.

ఉత్తర అమెరికాకును దక్షిణ అమెరికాకును నడుమ, విల్లువలె వంగి, కరీబియను సముద్రమును కమ్ముకొని దీవుల వరుస యొకటి కలదు. క్యూబా, జమైకా, హైటీ, పోర్టోరికో, గ్వాడలూపు, మార్టినీకు, బార్బడోసు, ట్రినిడాడు అందు ముఖ్యమైనవి. దక్షిణ అమెరికా గట్టుమీద నున్న గయానా, సురినాము దేశములను గూడ ఆచారవ్యవహారములనుబట్టి వీనితోనే చేర్చి చెప్పుదురు. 1492లో కొలంబసు ఈ దీవులను చూచి, భారతదేశపు పొలిమేరలు చేరితినని భ్రమపడెను. ఆ పొరబాటువలననే వీనికి వెస్టిండీసు అను పేరు కలిగెను. ఆ పేరు క్రికెట్టు మూలమున తెలుగు బాలురకు క్రొత్తది కాదు.

కొలంబసు 1493లో తన రెండవ యాత్రకు వచ్చుచు కానరీ దీవులనుండి చెరకు ముక్కలను తెచ్చి అక్కడ నాటించెను. చెరకు మొదట పుట్టినది న్యూగినీ ప్రాంతమనుట నేటి శాస్త్రజ్ఞుల మతము. దాని రసమును కాచి పలుకులుగా చేయు విద్య మాత్రము భారతదేశమున పెరిగినది. శర్కర యను సంస్కృతపదమే పారసీకమున షకర్, అరబ్బీలో సుక్కర్ అయి, తుదకు ఇంగ్లీషువారి నోట షుగర్ అయ్యెను. ఖండశర్కరలోని ఖండమే వారి క్యాండీ. కావున చెరకు ఇటునుండి అటు పోయినది. అటునుండి ఇటు వచ్చినవాని పట్టిక ఇంకను పొడవు. వేరుశనగ, గెనుసుగడ్డ, జామ, మొక్కజొన్న, మిరప, కర్రపెండలము: ఇవన్నియు అమెరికా ఖండముల పంటలు. ఐరోపా నావికుల వెంట ఇవి ఈ దేశమునకు వచ్చి, నేడు పుట్టింటివారివలె మెలగుచున్నవి. ఆదోని మార్కెట్టులో రాసులుగా పోసిన బుడ్డలను చూచి వాని తాతలు దక్షిణ అమెరికావారని ఎవరనుకొందురు? కోడుమూరు అవ్వ చుట్టిన బుడ్డల ఉండలో బెల్లము ఈ దేశపు విద్య. బుడ్డ ఆ ఖండపు పంట. జమైకాలోను హైటీలోను వేరుశనగలను చక్కెరపాకములో పోసి ఆరబెట్టి పలకలుగా చేయుదురు. ఉండను కొరికినను, పలకను కొరికినను పంటి క్రింద పడునది అవే రెండు.

అయితే చెరకు ఒంటరిగా అక్కడికి పోలేదు. 1640 ప్రాంతమునుండి బార్బడోసులోను, పిమ్మట తక్కిన దీవులలోను ఐరోపావారు అడవులు కొట్టి చెరకుతోటలు వేసిరి. ఆ దీవుల ఆదిమజనులు అప్పటికే రోగములచేతను, దౌర్జన్యముచేతను చాలవరకు నశించియుండిరి. తోటపనికి మనుష్యులు కావలసి ఆఫ్రికానుండి బానిసలను తెచ్చిరి. అట్లాంటికు సముద్రము మీదుగా అమెరికా ఖండములకు సాగించిన ఈ వ్యాపారములో సుమారు 1 కోటి 25 లక్షల మందిని ఓడల కెక్కించిరనియు, వారిలో సుమారు 18 లక్షల మంది దారిలోనే ప్రాణములు విడిచిరనియు చరిత్రకారులు లెక్క కట్టియున్నారు. బ్రదికి తేలినవారిలో కరీబియను దీవులకు చేరినవారే నూటికి నలుబదిమందికి పైబడిరి.

చెరకు నరికిన తరువాత నిలువ యుండదు. ఒకటి రెండు దినములలో రసము పులియును. కాబట్టి కోతల కాలమున గానుగలు రాత్రింబవళ్ళు ఆడెడివి. నిద్రలేక తూలుచు చెరకు గడలను దొర్లుడు కట్టెల నడుమకు త్రోయువారి చేయి ఒక్కొక్కప్పుడు గడతోపాటు లోనికి పోయెడిది. గానుగ నాపుటకు వీలు కాదు. అందుకని గానుగ ప్రక్కన ఒక గొడ్డలి సిద్ధముగా నుంచెడివారు. చేతిని నరికి మనిషిని దక్కించుకొనుట దాని ప్రయోజనము. ఆ కాలపు చక్కెర తెల్లదనమును గూర్చి చెప్పునప్పుడు ఈ గొడ్డలిని విడిచి చెప్పుట న్యాయము కాదు.

కాచిన పాకమును అడుగున రంధ్రము గల మట్టి కుండలలో పోయుదురు. కొన్ని వారములలో నల్లని మడ్డి కారిపోయి పైన పలుకు చక్కెర నిలుచును. బెల్లములో ఈ మడ్డి కూడ కలిసియే యుండును. అందుచేతనే బెల్లమునకు ఆ రంగు, ఆ వాసన. చక్కెర ఓడలకెక్కి ఇంగ్లండునకు, ఫ్రాన్సునకు పోయెను. మడ్డిలో పెద్దభాగము రమ్ము అను మద్యమునకు పోయెను. మిగిలినది, దొరలకు అక్కరలేనిది, పండించినవారి పాలికి వచ్చెను.

ఆ మిగిలినదానితోనే వారు తీపి చేసికొనిరి. ట్రినిడాడులో టూలమ్ అను మిఠాయి నేటికిని కలదు. కొబ్బరికోరును మడ్డిలో వేసి, అల్లము, నారింజతొక్క కలిపి, అడుగంటకుండ త్రిప్పి నల్లని ఉండలుగా చుట్టుదురు. చూపునకు సొంపుగా నుండదు. రుచి తెలిసినవారు మాత్రము రంగురంగుల మిఠాయిలను ప్రక్కకు నెట్టి దానినే కోరుదురట. జమైకాలో డకునూ అను వంటకము కలదు. మొక్కజొన్న పిండి గాని, కోరిన గెనుసుగడ్డ గాని, కొబ్బరిపాలతోను చక్కెరతోను కలిపి, అరటియాకులో మడిచి, నారతో కట్టి, ఉడుకునీటిలో వండుదురు. తెలుగువారి కుడుముకు దూరపు చుట్టము వంటిది. ఈ పేరు గూడ ఆఫ్రికాలోని అకాన్ భాషనుండి వచ్చినదే. బార్బడోసులో దీనివంటి దానిని కాంకీ అందురు. గుమ్మడికాయ, ఎండుద్రాక్ష అందు అదనము. ఆ దేశము స్వతంత్రమైన 1966 నవంబరు 30వ తేదీని తలచుకొని ఏటేట నవంబరులో ఇంటింట కాంకీలు వండుదురు.

సంకెళ్ళతో తేబడినవారి చేతులలో మూటలు లేవు. వండు తీరును, పేరును మాత్రము తలలో పెట్టుకొని తెచ్చిరి. నువ్వుల పంటయు వారి వెంటనే ఆ దీవులకు చేరినది. జమైకాలో తోట యజమానులు తిండి ఖర్చు తగ్గించుకొనుటకై బానిసలకు కొండవాలులలో చిన్న చెక్కలు విడిచి, ఆదివారము అందు పండించుకొనుడనిరి. వారు గెనుసులు, కందలు, అరటి పండించి, తినగా మిగిలినవానిని ఆదివారపు సంతలో అమ్మిరి. ఆ సంతలలో గంపలు ముందిడుకొని కూర్చున్నవారు ఎక్కువమంది స్త్రీలు. దొరల లెక్క పుస్తకములలో ఆ స్త్రీలును ఆస్తియే; కాని సంతలోని గంప మాత్రము వారిది, గంపలోని బేరము వారిది. పైస పైస కూడబెట్టి స్వేచ్ఛను కొనుక్కొన్నవారును కొందరు గలరు.

గెనుసుగడ్డ మాట వచ్చినది కనుక జమైకావారి గెనుసు పుడ్డింగును గూడ చెప్పవలెను. కోరిన గెనుసు, కొబ్బరిపాలు, గోధుమపిండి, బెల్లపురంగు చక్కెర, జాజికాయ కలిపి మందమైన ఇనుప పాత్రలో పోసి నిప్పులమీద పెట్టి, మూతపైన గూడ నిప్పులు పోయుదురు. పైన మంట, క్రింద మంట, నడుమ దైవస్తుతి అని దానిమీద అక్కడ ఒక పొడుపు వంటి సామెత కలదు. కోడుమూరు పిల్లలకు గెనుసుగడ్డ యనిన కుంపటి బూడిదలో కాల్చి పొట్టు ఊది తినునదే. నిప్పు రెండు చోట్లను ఒక్కటే. కొబ్బరిపాలు మాత్రము వారికి ఎక్కువ.

బ్రిటిషువారి రాజ్యములో బానిసత్వము 1834 ఆగస్టు 1వ తేదీన చట్టరీత్యా రద్దయ్యెను. నిజమైన విడుదల 1838లో కలిగెను. ఫ్రెంచి దీవులలో 1848లో రద్దయ్యెను. విడుదలయైనవారు తోటలవైపు తిరిగి చూచుటకు అంతగా ఇష్టపడలేదు. అప్పుడు యజమానుల చూపు భారతదేశముపై పడెను. 1838 మే 5వ తేదీన రెండు ఓడలలో సుమారు 400 మంది కూలీలు గయానాకు చేరిరి. 1845 మే 30వ తేదీన ఫతే రజాక్ అను ఓడ ట్రినిడాడునకు చేరెను. 1853లో మార్టినీకునకు, 1854లో గ్వాడలూపునకు పుదుచ్చేరి వైపునుండి ఓడలు పోయెను. 1917 వరకు గయానాకు 2,38,000 మందికి పైగా, ట్రినిడాడునకు 1,43,000 మందికి పైగా పోయిరి. వీరిలో అత్యధికులు కలకత్తా రేవునుండి పోయిన ఉత్తరదేశపువారు. మద్రాసు రేవునుండియు, ఫ్రెంచివారి రేవులనుండియు పోయినవారిలో తమిళులతోపాటు తెలుగువారును ఉండిరి. అక్కడ వీరందరికిని కలిపి మద్రాసీలని పేరు.

ఎందుకు పోయిరి? కరువు, అప్పు, మగ్గములకు పని తగ్గుట ఇవియే కారణములు. కర్నూలు, బళ్ళారి జిల్లాలకు ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు. ఆదోని ఆ రోజులలో బళ్ళారి జిల్లాలో నుండెడిది; 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడే ఇటు చేరినది. 1876-78 నాటి ధాత కరువున ఆకలిచేతను, రోగములచేతను, వలసలచేతను కర్నూలు జిల్లా జనసంఖ్య 1881 లెక్కలనాటికి ఇంచుమించు నాల్గవ వంతు తగ్గినట్లు తేలెను. అట్టి దినములలో రేవుపట్టణపు ఏజెంటు వచ్చి, పనియు కూలియు తిండియు గలదని చెప్పినచో, ఎక్కడ అని అడుగు ఓపిక ఎంతమందికి ఉండును? ఆ ఓడ ప్రయాణము సుమారు మూడు నెలలు. ఒప్పందము ఐదేండ్లు. ఒప్పంద కాలములో అనుమతి చీటి లేక తోట విడిచిపోయినచో జైలు. కూలి యను మాట, ఇక్కడ కష్టమునకు వచ్చు ప్రతిఫలమునకు పేరైనది, అక్కడ మనిషిని కించపరచు తిట్టుగా మారెను.

తెలుగు అక్కడ ఇంటిభాషగా నిలువలేదు. చిన్న గుంపు పెద్ద గుంపులో కలిసిపోవుట లోకసహజము. భోజపురి మాటలాడువారి ఆచారములే తక్కినవారికి ఆచారములైనవి. నేటి ట్రినిడాడు, గయానాలలోని భారతీయుల మిఠాయిలకు గల పేర్లు అందుచేతనే ఉత్తరాది పేర్లు. ట్రినిడాడులో దీపావళి 1966 నుండి ప్రభుత్వ సెలవుదినము. ఆ దినమున లడ్డు, జిలేబి, బర్ఫీ, కుర్మా అనునవి పొట్లములుగా కట్టి, మతభేదము లేక ఇరుగుపొరుగులకు పంచుదురు. ఆ కుర్మా రంజానునాటి షీర్ ఖుర్మా కాదు. గోధుమపిండి ముద్దను చిన్న కడ్డీలుగా కోసి నేతిలోనో నూనెలోనో వేయించి, ముదిరిన చక్కెరపాకములో పోసి గరిటెతో త్రిప్పుచునే యుందురు. త్రిప్పగా త్రిప్పగా పాకము పలుకుగట్టి కడ్డీలపై తెల్లని పూతయగును. తెలుగువారి గవ్వలకు పట్టు చక్కెరపూత ఇటువంటిదే. త్రిప్పుట మానినచో అన్నియు ఒకే ముద్దయగును. ఈ రహస్యమునకు కోడుమూరులోను, ట్రినిడాడులోను మినహాయింపు లేదు. అక్కడి ముస్లిములు ఈదు పండుగకు పాలతో వండు సేమ్యాను సవైన్ అందురు. పిండిని నేతిలో వేయించి పాలు, చక్కెర చేర్చిన ప్రసాదమును పార్సాద్ అందురు. పలుకుబడి మారినను పొరుగువాని దోసిట పడునది అదే.

క్రైస్తవుల క్రిస్మసునకు నల్లకేకు ప్రసిద్ధము. ఇంగ్లీషువారి పండ్ల పుడ్డింగు దీనికి మూలము. ఎండుద్రాక్ష మొదలగు పండ్లను నెలల తరబడి రమ్ములో నానవేయుదురు. బడిపిల్లలకు ఆ భాగముతో పనిలేదు. చెప్పదగినది దాని నలుపును గూర్చియే. పాకము మాడినచో తెలుగింట గిన్నె తోముకొనవలసినదే. అక్కడివారు కావలెననియే చక్కెరను నల్లబడువరకు మాడ్చి, నీరు చేర్చి, ఆ చేదుదనముతో కేకునకు రంగును రుచియు తెత్తురు. మాడ్చుటలోను కొలత కలదు. ఒక్క క్షణము మించినచో పారవేయవలసి వచ్చును. జామపండ్ల గుజ్జును చక్కెరతో గట్టిపడువరకు కాచి ముక్కలుగా కోసినదానిని గువా చీజు అందురు. పేరు చీజు గాని అందు పాలచుక్క లేదు. మామిడితాండ్రకు తోబుట్టువని చెప్పవచ్చును. మామిడియు అక్కడ విరివిగా పండును. 1782లో ఫ్రెంచివారి ఓడ యొకటి ఇంగ్లీషువారికి పట్టుబడగా, దానిలోని మామిడి మొక్కలు జమైకాకు చేరినవి.

ఈ తీపులలో చాలభాగము నేటికిని పెద్ద కార్ఖానాలలో గాక, ఇండ్లలోను, చిన్న అంగళ్ళలోను తయారగుచున్నవి. గ్వాడలూపునకు చేరిన లేసేంత్ అను చిన్న దీవులలో, పడవ రేవుకు తగులగానే, గంపలలో కొబ్బరిపాకము నింపిన చిన్న కేకులు పెట్టుకొని స్త్రీలు ఎదురు వత్తురు. సముద్రముపైకి చేపలకు పోయిన భర్తల రాకకై వేచియుండిన స్త్రీలు మొదట వీనిని చేసిరని అక్కడ ఒక కథ చెప్పుదురు.

వీనియన్నిటిలోను కోడుమూరు బడిపిల్లలు చూడగానే గుర్తుపట్టునది మాత్రము వేరొకటి కలదు. వేసవిలో ఇక్కడి పిల్లలు చింతపండును బెల్లము, ఉప్పు, కారముతో దంచి, పుల్లకు గ్రుచ్చి చప్పరింతురు. జమైకాలోను ట్రినిడాడులోను చింతపండు గుజ్జును చక్కెర, ఉప్పు, మిరియములతో మర్దించి ఉండలు చుట్టి, పైన చక్కెర దొర్లించి, చిన్న పొట్లములలో అమ్ముదురు. కొందరు గింజను తీయకయే చుట్టుదురు. తీపియంతయు పోయి, పులుపు పోయి, కారము గూడ పోయిన తరువాత, ఆ గింజ చాలసేపు దవడలో నిలిచియుండును.